అలిపిరి శిలలు, దశావతారాలు, ప్రీకేంబ్రియన్ కుందేలు: పరిణామ వివాదాల హాస్యపరిభాష – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పరిణామ సిద్ధాంతానికి, సృష్టివాదానికి మధ్య 1859 తరువాత మొదలైన వాదోపవాదాలు ఆంగ్లంలో ఒక ప్రత్యేకమైన హాస్యపరిభాషను పుట్టించాయి. ఇటీవలి దశాబ్దాలలో అంతర్జాల చర్చల ద్వారా ఈ పరిభాష తెలుగు పాఠకులకు కూడా చేరింది. అయితే ఆ మాటలు పుట్టిన సమాజం వేరు, అవి వచ్చి చేరిన సమాజం వేరు. తిరుపతిలోని అలిపిరిని కేంద్రంగా తీసుకొని, ఈ హాస్యపదాల చరిత్రను, అవి తెలుగు నేలపై అర్థం మారే తీరును, మన తర్కసంప్రదాయంలో వాటికి సాటిరాగల పదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: పరిణామం, సృష్టివాదం, దశావతారాలు, అలిపిరి, హాస్యపరిభాష, న్యాయశాస్త్రం, వితండ.

1. ఉపోద్ఘాతం

అలిపిరి తిరుమల కొండకు తొలిమెట్టు. పాదాల మండపం దగ్గర మొక్కి, మూడువేల అయిదువందలకు పైగా మెట్లు ఎక్కే భక్తునికి దారిలో దశావతారాల విగ్రహాలు వరుసగా కనిపిస్తాయి. అదే కొండపక్కను, ఘాట్‌రోడ్డు కోసం తొలిచిన చోట, భూవిజ్ఞానులు మరొక వరుసను చూస్తారు. అడుగున ఆర్కియన్ యుగపు గ్రానైటు, దానిపైన ప్రొటెరోజోయిక్ యుగపు నగరి క్వార్జైటు ఉంటాయి. రెంటికీ నడుమ పదుల కోట్ల సంవత్సరాల కాలం ఏ పొరనూ మిగల్చకుండా జారిపోయింది. రాతిలో కాలం తెగిపోయిన ఈ చోటును ‘ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ’ అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుపతి నుంచి అలిపిరికి వెళ్ళే దారిలోనే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం కూడా ఉంది.

ఒకే కొండపై రెండు కాలక్రమాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పురాణానిది, మరొకటి శిలలది. ఉదయం కొండ మెట్లెక్కిన విద్యార్థి మధ్యాహ్నం తరగతిలో డార్విన్ పాఠం వింటాడు. ఆ రెంటినీ అతడు ఏ మాటలతో ఆలోచిస్తాడన్నది బోధకులకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న. అంతర్జాలంలో అతనికి సులభంగా దొరికే మాటలు చాలావరకు వెక్కిరింపు మాటలే. కాబట్టి వాటి చరిత్రను తెలుసుకోవడం అవసరం.

2. కోతి నుంచి మొసలిబాతు దాకా

2.1 ఆక్షేపణగా కోతి: ఈ వివాదంలో తొలి హాస్యవస్తువు కోతి. 1859లో డార్విన్ ‘జాతుల పుట్టుక’ వెలువడింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్, టి.హెచ్. హక్స్‌లీల మధ్య జరిగిన వాగ్వాదం కోతి తాతల ప్రస్తావనతోనే ప్రసిద్ధి కెక్కింది. ఆ సంభాషణకు యథాతథమైన ప్రతి ఏదీ లేదు. అయినా కథ మాత్రం నిలిచింది. 1871లో ఒక లండన్ హాస్యపత్రిక డార్విన్ తలను వానరదేహానికి అతికించి బొమ్మ వేసింది. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, పరిణామం బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునిపై జరిగిన విచారణ ‘కోతి విచారణ’గా పేరుపొందింది. ఈ దశలో హాస్యం ఎక్కువగా పరిణామాన్ని కాదన్నవారి చేతిలోని ఆయుధం.

2.2 ఆయుధం చేతులు మారడం: ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాలలో హాస్యం పరిణామవాదుల పక్షానికి మారింది. 1994లో యూజీనీ స్కాట్ ‘గిష్ గాలప్’ అనే పదబంధాన్ని రూపొందించారు. సృష్టివాద ప్రచారకుడైన జీవరసాయనవేత్త డ్వేన్ గిష్ వేదికపై అతివేగంగా పదుల సంఖ్యలో ఆక్షేపణలు గుప్పించేవారు. ఒక్కొక్క ఆక్షేపణకు అరనిమిషం చాలు, సమాధానానికి మాత్రం పది నిమిషాలు కావాలి. సమయం ముగిసేసరికి జవాబు రాని ఆక్షేపణలే సభికులకు గుర్తుంటాయి. ఆ గుర్రపుదౌడుకు స్కాట్ పెట్టిన పేరు నేడు రాజకీయ చర్చల్లోనూ వాడుకలో ఉంది.

2003లో ‘ప్రాజెక్ట్ స్టీవ్’ వచ్చింది. పరిణామాన్ని శంకించే శాస్త్రవేత్తలంటూ ప్రకటించిన జాబితాలకు ఇది పరిహాసపూర్వకమైన జవాబు. దివంగత స్టీఫెన్ జే గూల్డ్ స్మృతిలో, స్టీవ్ లేదా దానికి సంబంధించిన పేరుగల శాస్త్రవేత్తల సంతకాలు మాత్రమే స్వీకరించారు. శాస్త్రసత్యం సంతకాల లెక్కతో తేలదని చెప్పడమే దాని ఆంతర్యం.

2005 ఈ పరిభాష చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. కాన్సాస్ విద్యామండలికి రాసిన వ్యంగ్యలేఖలో బాబీ హెండర్సన్ ‘ఎగిరే స్పగెట్టీ భూతం’ అనే దైవాన్ని కల్పించాడు. అతివాదాన్ని, దాని అనుకరణను వేరుచేసి గుర్తించడం అసాధ్యమని చెప్పే ‘పో సూత్రం’ కూడా ఆ ఏడాదిదే. పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాలల కేసులో మరొక విచిత్రపదం బయటపడింది. 1987లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం సృష్టివాద బోధనను తప్పనిసరి చేసే చట్టాన్ని కొట్టివేసింది. దానితో ఒక పాఠ్యపుస్తకపు చిత్తుప్రతిలో ‘క్రియేషనిస్ట్స్’ అన్నచోట ‘డిజైన్ ప్రొపొనెంట్స్’ అని దిద్దడం మొదలుపెట్టారు. ఒకచోట పాతమాట తల, తోక మిగిలిపోయి ‘సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్’ అని పడింది. బార్బరా ఫారెస్ట్ ఆ చిత్తుప్రతుల చరిత్రను న్యాయస్థానం ముందుంచారు. ‘రూపకల్పనవాదం’ సృష్టివాదానికే మారుపేరని ఈ అచ్చుతప్పు ఎత్తి చూపింది. పాఠపరిష్కరణలో లేఖకదోషాలను బట్టి ప్రతుల వంశవృక్షాన్ని నిర్ణయించే మనకు ఈ ఉదాహరణ సుపరిచితంగా తోస్తుంది. జీవుల వంశవృక్షాన్ని నిర్ణయించే పద్ధతి కూడా దాదాపు ఇదే. రెండు జీవజాతులలో ఒకే ‘తప్పు’ ఒకే చోట ఉంటే, వాటికి ఒకే మూలప్రతి ఉందని ఊహిస్తారు.

2007లో ‘క్రోకోడక్’ లేక మొసలిబాతు వచ్చింది. పరిణామం నిజమైతే మొసలి తల, బాతు దేహం గల జీవి దొరకాలి కదా అని కొందరు సృష్టివాదులు ఒక టీవీ చర్చలో బొమ్మ చూపారు. వారు ఎదుటివారిని నవ్వులపాలు చేయబోయిన ఆ బొమ్మ వారి అపోహకే పేరయింది.

3. అలిపిరి రాళ్ళలో కుందేలు

ఈ పరిభాషలో అలిపిరికి నేరుగా సంబంధించిన పదం ‘ప్రీకేంబ్రియన్ కుందేలు’. పరిణామం తప్పని ఏ ఆధారంతో ఒప్పుకుంటారని అడిగితే, ప్రీకేంబ్రియన్ శిలల్లో కుందేలు శిలాజం దొరికితే ఒప్పుకుంటానని జె.బి.ఎస్. హాల్డేన్ అన్నట్లు చెబుతారు. కేంబ్రియన్ యుగం సుమారు 54 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది. క్షీరదాలు దానికి ఎంతో తరువాత పుట్టాయి. కాబట్టి అంతకు ముందటి రాతిలో కుందేలు ఉండరాదు.

తిరుమల కొండల శిలలు పూర్తిగా ప్రీకేంబ్రియన్ కాలానివే. పైనున్న క్వార్జైటు కూడా 150 కోట్ల ఏండ్లకు మించిన పాతది. ఈ కడప, కర్నూలు శిలాసముదాయాలపై విలియం కింగ్ రాసిన విపులమైన గ్రంథం 1872లోనే భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువడింది. ఇదే కడప బేసిన్‌కు చెందిన వేంపల్లె సున్నపురాళ్ళలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. అవి సూక్ష్మజీవుల పొరలు గట్టిపడగా ఏర్పడిన నిర్మాణాలు. అంటే ఆ కాలపు జీవానికి రాయలసీమ రాయి సాక్ష్యం చెబుతున్నది. అందులో కుందేలు లేదు, చేప కూడా లేదు.

ఈ ఛలోక్తిలో ఇతర వెక్కిరింపు పదాలకు లేని గుణం ఒకటుంది. ఇది ఎదుటివారిని ఎగతాళి చేయదు. తన మాట ఎప్పుడు తప్పవుతుందో ముందే ఒప్పుకుంటుంది. హాస్యంగా చెప్పినా ఇది ఒక ప్రతిజ్ఞ. కొండకు వెళ్ళే దారిలో ఏ రాయి పగులగొట్టినా దానికి పరీక్షే.

హాల్డేన్‌కు తెలుగువారితో సంబంధం ఉంది. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించిన ఆయనకు పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు శిష్యుడు. అనంతరకాలంలో ఆయన హాల్డేన్ జీవితచరిత్రను రాశారు. హిందూ అవతారక్రమం వెన్నెముక గల జీవుల పరిణామాన్ని స్థూలంగా తలపిస్తుందని గమనించినవారిలో హాల్డేన్ కూడా ఒకరు. ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో ఒకటి పోలిక, మరొకటి పరీక్ష. మన చర్చల్లో పోలికకు దక్కిన ప్రచారం పరీక్షకు దక్కలేదు.

4. దశావతార సమన్వయం: ఒక ఆధునిక వ్యాఖ్యానం

మత్స్యం నీటిలో, కూర్మం నీటిలోనూ నేలమీదా, వరాహం నేలమీద, నరసింహుడు సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి అంటూ సాగే సమన్వయం ప్రాచీనమైనదని చాలామంది భావిస్తారు. అది డార్విన్ తరువాతి కాలానిది. 1877లో హెలీనా బ్లావట్‌స్కీ తన గ్రంథంలో ఈ పోలికను చెప్పారు. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ దీనిని వివరించారు. అదే ఏడాది దివ్యజ్ఞాన సమాజం మద్రాసులోని అడయారుకు మారింది. వలసపాలనలో, మీ శాస్త్రం మా పురాణానికి కొత్తది కాదని చెప్పుకోవడంలో ఒక ఆత్మగౌరవ ప్రయత్నం ఉంది. దానిని నేటి దృష్టితో ఎగతాళి చేయడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

అయినా ఈ సమన్వయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది వరుస. భాగవతం ప్రథమస్కంధంలోని అవతారాల పట్టికలో వరాహం రెండవది. మత్స్యకూర్మాలు పది, పదకొండు స్థానాల్లో వస్తాయి. తిరుమల ఆదివరాహ క్షేత్రం, అక్కడ తొలిదర్శనం వరాహస్వామిదే. పది అవతారాల వరుస ఒక భక్తిసంప్రదాయం. దానిని జీవచరిత్రగా చదవాలంటే మిగిలిన పట్టికలను పక్కన పెట్టవలసి వస్తుంది.

రెండవ చిక్కు నరసింహుడు. సమన్వయకర్తలు ఆయనను జంతువుకూ మనిషికీ మధ్యదశగా చూపుతారు. కాని పురాణకథలో ఆ రూపానికి కారణం హిరణ్యకశిపుని వరం. నరుని చేతగానీ మృగం చేతగానీ చావులేదన్న షరతుకు అది సమాధానం. ఇక్కడ మొసలిబాతు గుర్తుకు రాకమానదు. సగం ఇది, సగం అది అయిన జీవి ఏదీ అని అమెరికా సృష్టివాది అడిగాడు. ఇదిగో అని మన సమన్వయకర్త చూపాడు. ఒకరు పరిణామాన్ని ఖండించడానికి, మరొకరు స్వాగతించడానికి ప్రయత్నించారు. ఇద్దరి మనసులోనూ ఉన్న చిత్రం ఒక్కటే, పరిణామమంటే రెండు జీవుల అతుకు అని. నిజమైన మధ్యరూపాలు అలా ఉండవు. 2004లో దొరికిన టిక్‌టాలిక్ శిలాజం సుమారు 37 కోట్ల ఏండ్ల క్రితపు చేప. దాని రెక్కల్లో మణికట్టును పోలిన ఎముకలున్నాయి. అది తన కాలానికి సంపూర్ణమైన జీవి, దేనికీ సగం కాదు.

5. తెలుగులో మాటల బరువు

5.1 పరిణామం: ఈ పదం డార్విన్ కంటే చాలా పాతది. సాంఖ్యులది పరిణామవాదం. పాలు పెరుగైనట్లు కారణమే కార్యంగా మారుతుందని, కార్యం కారణంలో ముందే ఉంటుందని వారి సిద్ధాంతం. అద్వైతుల వివర్తవాదం దీనికి ప్రతిపక్షం. తిరుమల సంప్రదాయానికి ఆధారమైన రామానుజుల విశిష్టాద్వైతంలో చిదచిత్తులు శరీరంగా గల బ్రహ్మం సూక్ష్మదశ నుంచి స్థూలదశకు రావడమే సృష్టి. యోగసూత్రాల నాలుగవ పాదంలో ‘జాత్యంతర పరిణామం’ అనే మాట ఉంది. వివేకానందుడు రాజయోగ వ్యాఖ్యానంలో దానిని ఆధునిక పరిణామ సిద్ధాంతంతో ముడిపెట్టారు. ఈ సంప్రదాయాలన్నిటా పరిణామానికి ముందే నిశ్చితమైన గమ్యముంది. డార్విన్ చెప్పినదానిలో గమ్యం లేదు. వైవిధ్యాలు పుడతాయి, పరిసరాలకు ఒదిగినవి ఎక్కువ సంతానాన్ని మిగులుస్తాయి. ఒకే మాట రెండు అర్థాలను మోయడం వల్ల ‘పరిణామం మాకు ఎప్పుడో తెలుసు’ అనే వాక్యం తెలుగులో తేలికగా నోట పలుకుతుంది. వాడుకలో ‘ఫలితం’ అన్న మూడవ అర్థం ఎలాగూ ఉంది.

5.2 వాదం, సిద్ధాంతం: ‘అది ఒక థియరీ మాత్రమే’ అన్నది అమెరికా సృష్టివాదుల ప్రసిద్ధ ఆక్షేపణ. దానిపై ‘గురుత్వాకర్షణ కూడా థియరీయే’ వంటి ఛలోక్తులు పుట్టాయి. తెలుగులో థియరీకి వాడే ‘సిద్ధాంతం’ వ్యుత్పత్తి రీత్యా విచారణ ముగిశాక నిలిచిన నిర్ణయం. ‘అది సిద్ధాంతమే కదా’ అంటే ఆక్షేపణ కాదు, అంగీకారం. కాని మన పాఠ్యపుస్తకాలలో ‘పరిణామవాదం’ అనే రూపమూ ఉంది. వాదమన్నాక ప్రతివాదం ఉండాలి. ఆంగ్లంలో థియరీ అన్న మాట తెచ్చిన బలహీనత తెలుగులో వాదం అన్న మాట ద్వారా వచ్చింది. పారిభాషికపదం ఎంపిక ఎంతటి ప్రభావం చూపగలదో చెప్పడానికి ఇది చాలు.

5.3 కోతి, కాలం: విక్టోరియన్ ఇంగ్లండులో వానరపూర్వికుడు అవమానం. సప్తగిరులలో ఒకటి అంజనాద్రి. అంజనేయుని కొలిచే నేలపై ‘మీ తాత కోతా?’ అన్న ప్రశ్నకు ఆ కొరడాదెబ్బ ఉండదు. ఆ ప్రశ్న శాస్త్రరీత్యా కూడా తప్పే, నేటి కోతులూ మనమూ ఒకే పూర్వికుని శాఖలం. అలాగే ఆర్చిబిషప్ అషర్ సృష్టిని క్రీ.పూ. 4004లో నిలిపినందున, ఆరువేల ఏండ్ల భూమిపై పాశ్చాత్యులు లెక్కలేనన్ని హాస్యోక్తులు పుట్టించారు. పురాణగణనలో ఒక కల్పం 432 కోట్ల సంవత్సరాలు. అలిపిరి రాళ్ళ వయస్సు విని మన భక్తుడు ఉలిక్కిపడడు. ఇక్కడి వివాదం కాలపరిమాణం గురించి కాదు, ఘనత ఎవరిదన్న దాని గురించి. అందుకే తెలుగు వ్యంగ్యం ఆ దిక్కుగానే సాగింది. సమస్త విజ్ఞానమూ వేదాలలో ముందే ఉందనే ధీమాను ‘ఉన్నాయిష’ అన్న ఒక్క క్రియారూపంతో ఎత్తిపొడవడం గురజాడ ‘కన్యాశుల్కం’ పేరుతో ముడిపడి ప్రచారంలో ఉంది. చూసినవాడు చెప్పలేదు, విన్నవాడు చెబుతున్నాడని సూచించే ఆ ప్రత్యయంలో ఒక పూర్తి ప్రమాణవిమర్శ ఇమిడి ఉంది.

6. న్యాయశాస్త్రం ఇచ్చే పేర్లు

వాదదోషాలకు పేర్లు పెట్టడం మనకు కొత్త కాదు. గౌతముని న్యాయసూత్రాలు సంభాషణను మూడుగా విభజించాయి. సత్యనిర్ణయం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని ఖండించేది వితండ. ఎదుటివాని మాటకు అతడు ఉద్దేశించని అర్థం తీయడం ఛలం. ఓటమికి గుర్తులైన నిగ్రహస్థానాలు 22.

గిష్ గాలప్‌కు వితండ దగ్గరగా వస్తుంది. కన్ను వంటి అవయవం సహజవరణం వల్ల ఏర్పడిందనడం వింతగా తోస్తుందని డార్విన్ ఒప్పుకున్న వాక్యాన్ని చూపి, వెంటనే ఆయన ఇచ్చిన సమాధానాన్ని దాచడాన్ని ఆంగ్లంలో ‘ఉల్లేఖనాల తవ్వకం’ అని పరిహసిస్తారు. అది ఛలానికి సోదరి. ఒక మధ్యరూపం చూపితే దానికి ఇరువైపులా మరో రెండు ఖాళీలు ఏర్పడ్డాయని అడగడం, షరతును మార్చుకుంటూ పోవడం ‘ప్రతిజ్ఞాంతరం’ అనే నిగ్రహస్థానాన్ని తలపిస్తుంది.

ఈ పోలికలు కచ్చితమైన సమానార్థకాలు కావు. వాటి ప్రయోజనం వేరే ఉంది. న్యాయశాస్త్రం దోషానికి పేరు పెట్టింది గాని మనిషికి పెట్టలేదు. నాస్తికుడు ఛలం చేసినా, ఆస్తికుడు చేసినా అది ఛలమే. ‘ఛాందసుడు’, ‘మూఢుడు’, తిట్టుగా వాడే ‘నాస్తికుడు’ అన్నవి మనిషిని చూపి చర్చను ముగిస్తాయి.

7. నవ్వు తరువాత మిగిలినది

2017 జనవరిలో 104వ భారత విజ్ఞాన మహాసభ అలిపిరికి కూతవేటు దూరంలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగింది. తరువాతి రెండేళ్ళలో ఈ వివాదం జాతీయస్థాయికి చేరింది. 2018 జనవరిలో కేంద్ర మానవవనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వికులెవరూ చూడలేదంటూ డార్విన్ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు ఉమ్మడి ప్రకటనతో దానిని ఖండించాయి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ మహాసభలో, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి విద్యార్థుల ముందు మాట్లాడుతూ దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటే మెరుగైనవన్నారు. శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. సామాజిక మాధ్యమాలలో హాస్యం వెల్లువెత్తింది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి పరిణామ భాగాన్ని తొలగించింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులు బహిరంగలేఖ రాశారు. పదవ తరగతి తరువాత జీవశాస్త్రం చదవని విద్యార్థులే ఎక్కువ. వారికి ఇకపై పరిణామం గురించి తెలిసేది సామాజిక మాధ్యమాల ఛలోక్తుల ద్వారానే. పాఠం పోయి పరిహాసం మిగిలిందన్నమాట. మొసలిబాతును చూసి నవ్వాలంటే మధ్యరూపమంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. తెలియనివానికి అది మరొక బొమ్మ.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. పరిణామ వివాదాల హాస్యపరిభాష అమెరికా, ఇంగ్లండు సమాజాల ప్రత్యేక చరిత్ర నుంచి పుట్టింది. కోతి, ఆరువేల ఏండ్లు, ‘థియరీ మాత్రమే’ వంటి అంశాలు తెలుగులో అదే పదునుతో పనిచేయవు.

2. దశావతార సమన్వయం పంతొమ్మిదవ శతాబ్దపు వ్యాఖ్యానం. మధ్యరూపాల విషయంలో అది మొసలిబాతు అపోహనే పంచుకుంటున్నది.

3. ‘పరిణామం’, ‘వాదం’ అనే పదాల పూర్వార్థాలు బోధనలో అపార్థానికి తావిస్తున్నాయి. ‘జీవపరిణామ సిద్ధాంతం’ అన్న రూపాన్ని స్థిరంగా వాడడం, సాంఖ్యపరిణామంతో దానికున్న భేదాన్ని తరగతిలో చెప్పడం అవసరం.

4. హాస్యపదాలలో దోషాన్ని సూచించేవి, మనిషిని కించపరిచేవి అని రెండు తెగలున్నాయి. మొదటివాటికి న్యాయశాస్త్ర పరిభాష బలమైన తోడు.

అలిపిరి మెట్లెక్కే విద్యార్థి దశావతారాల ముందు చేతులు జోడించడానికీ, అదే కొండ రాతిపొరను చూసి దాని వయస్సు లెక్కించడానికీ నడుమ విరోధం ఉండనవసరం లేదు. మొదటిది అర్థం కోసం చేసే పని, రెండవది ఆధారం కోసం చేసే పని. ఒకదాని స్థానంలో మరొకదాన్ని నిలబెట్టినపుడే చిక్కు వస్తుంది. ఆ సంగతి అతనికి నొప్పి కలగకుండా, తప్పూ దొర్లకుండా చెప్పగల మాటలు మన భాషలో ఉన్నాయి. వాటిని తరగతిగదిలోకి తీసుకురావడం భాషాబోధకులు, విజ్ఞానశాస్త్ర బోధకులు కలిసి చేయవలసిన పని.